పన్ను కట్టని పిన్నికి పన్ను మినహాయింపు ఎందుకు?

పోయిన వారం పిన్ని వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపింది. పైన పెద్ద అక్షరాలతో ‘పైసా పన్ను లేని పొదుపు మార్గాలు’ అని ఉంది. కింద వరసగా పీపీఎఫ్, సుకన్య సమృద్ధి, బీమా పాలసీ, పన్ను రహిత బాండ్లు. ఆ వెంటనే ఆమె సందేశం: “అమ్మాయ్, వీటిలో నాకు ఏది మంచిదో చెప్పు.”

వీటిలో పీపీఎఫ్ అంటే పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్, పదిహేనేళ్ల ప్రభుత్వ పొదుపు ఖాతా. సుకన్య పదేళ్లలోపు ఆడపిల్లల పేరు మీద తెరిచేది. పన్ను రహిత బాండ్లను ప్రభుత్వ సంస్థలు 2015-16 తర్వాత కొత్తగా అమ్మలేదు. ఇప్పుడు కావాలంటే స్టాక్ ఎక్స్ఛేంజిలో పాతవి కొనుక్కోవాలి. కానీ నన్ను ఆపేసింది అది కాదు. మా పిన్ని తన జీవితంలో ఒక్క రూపాయి కూడా ఆదాయపు పన్ను కట్టలేదు, కట్టవలసిన అవసరం రాలేదు. ఇంట్లో ఒక వాటా అద్దె నెలకు 6,000, బ్యాంకు వడ్డీ కొంత. ఆమె ఆదాయం అంతే. అయినా డబ్బు ఎక్కడ పెట్టాలన్న ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమె మొదటి ప్రశ్న ‘పన్ను ఉందా, లేదా’ అన్నదే. ఈ ప్రశ్నను మనం మధ్యతరగతి ఇళ్లలో పిల్లలకు ఎక్కాలు నేర్పినట్లు నేర్పాం. అది చాలామందికి తప్పు ప్రశ్న అని నా అభిప్రాయం. చాలాకాలంగా లోపల నలుగుతున్న విషయమిది, కాబట్టి వివరంగానే రాస్తాను.

దండెం మీద ఆరిన రశీదులు

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు విజయవాడ మీద పడినప్పుడు సింగ్‌నగర్‌లో పిన్ని ఇల్లు నడుములోతు నీళ్లలో ఉంది. నీళ్లు తగ్గాక మేము వెళ్ళేసరికి ఇల్లంతా బురద. తలుపులు ఉబ్బిపోయాయి, మోటారు కాలిపోయింది, గోడల్లో వైరింగు పోయింది. అద్దెకున్నవాళ్లు సామాను ఎత్తుకుని చుట్టాలింటికి వెళ్ళిపోయారు. ఇనుప బీరువాలో పట్టుచీరల మధ్య దాచిన కాగితాలు కూడా తడిశాయి. పిన్ని వాటిని ఒక్కొక్కటీ విడదీసి, చీర క్లిప్పులు పెట్టి దండెం మీద ఆరవేసింది. ఇంటి దస్తావేజు, బాబాయి మరణ ధ్రువపత్రం, రెండు డిపాజిట్ రశీదులు. రశీదుల మీద సంతకం దగ్గర సిరా అలుక్కుపోయింది. ‘పన్ను ఆదా డిపాజిట్, ఐదేళ్లు’ అన్న ముద్ర మాత్రం చక్కగా కనిపిస్తోంది.

ఆ రెండూ 2022లో వేసినవి. బాబాయి పోయాక వచ్చిన డబ్బులో మిగిలిన మూడు లక్షలను బ్యాంకులో ఎవరో సలహా చెబితే సగం మార్చి చివరి వారంలో, మిగతా సగం ఏప్రిల్ మొదటి వారంలో వేసింది. ఏడాదికి లక్షన్నర పరిమితి కాబట్టి రెండు ఆర్థిక సంవత్సరాలకు సర్దారన్న మాట. సలహా చెప్పినవారు అంత శ్రద్ధగానే లెక్క వేశారు. వేయనిది ఒక్కటే, ఈమెకు పన్నే లేదు కదా అన్న లెక్క.

ఇల్లు బాగుచేయించడానికి లక్షా 60 వేలు కావలసి వచ్చింది. నీళ్లలో మునిగిన కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు బురద ఎత్తించడానికీ మోటారుకూ సరిపోయాయి. మిగతా దాని కోసం పిన్నిని తీసుకుని బ్యాంకుకు వెళ్ళాను. ఆ డిపాజిట్ గడువులోపు తీయడం కుదరదన్నారు. పోనీ దాని మీద అప్పు ఇమ్మన్నాం. పన్ను ఆదా డిపాజిట్‌ను తాకట్టుగా తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవన్నారు. వాళ్లు చెప్పింది నిజమే, నిబంధన అలాగే ఉంది. పక్క కౌంటర్లో బంగారం తాకట్టు పెట్టుకుంటారు. మా చెల్లెలు చేతి గాజులు నాలుగూ తీసి అక్కడ బల్ల మీద పెట్టింది. తన మూడు లక్షలు ఉన్న బ్యాంకులోనే, కూతురి గాజుల మీద తొమ్మిది శాతానికి అప్పు తెచ్చుకుంది పిన్ని.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. 2022 మార్చిలో పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం 7.4 శాతం ఇస్తోంది. పిన్ని డిపాజిట్‌కు వచ్చేది 6.2. మూడు లక్షల మీద ఏడాదికి 3,600 రూపాయల తేడా. పోనీ, అది పెద్ద మొత్తం కాదు. సీనియర్ సిటిజన్ల పథకంలో అవసరమైతే కొంత కోతతో మధ్యలో డబ్బు తీసుకోవచ్చు. అసలు నష్టం అక్కడ జరిగింది. పన్ను మినహాయింపు అనేది ప్రభుత్వంతో మనం చేసుకునే బేరం. ‘ఇన్నేళ్లు డబ్బు ముట్టుకోను, బదులుగా పన్ను తగ్గించు’ అని. పిన్ని ముట్టుకోనని మాట ఇచ్చింది. బదులుగా ఆమెకు రావలసింది ఏమీ లేదు.

నాన్నగారి మార్చి పాలసీ

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, మా ఇంట్లోనే చూశాను. నాన్నగారు తెనాలి దగ్గర పల్లెల్లో ఉపాధ్యాయుడిగా పనిచేసి 2015లో పదవీ విరమణ చేశారు. ఫిబ్రవరి నెలాఖరుకు జీతంలో పన్ను కోత పడుతుందనగానే ఇంటికి ఒక బీమా ఏజెంటు వచ్చేవారు. నాన్నగారితో చదువుకున్న మనిషి, ఎంతో మర్యాదస్థుడు. అలా 1995 మార్చిలో తీసుకున్న ఒక పాలసీకి ఏడాదికి 5,000 చొప్పున ఇరవై ఏళ్లు కట్టారు. చివరకు లక్షా 95 వేలు వచ్చింది. పైసా పన్ను లేదు. నాన్నగారు ఆ చెక్కును చాలా గర్వంగా చూపించారు.

ఆ మధ్య నేను దాన్ని విడదీసి చూశాను. రాబడి ఏడాదికి సుమారు ఆరు శాతం. అదే కాలంలో ఆయన జీపీఎఫ్‌కు (ప్రభుత్వోద్యోగుల భవిష్య నిధికి) ఎంత వడ్డీ వచ్చిందంటే, 2000 జనవరి దాకా 12 శాతం, తర్వాత మెట్టు మెట్టుగా దిగి 2003 నుంచి చాలా ఏళ్లు 8 శాతం. పన్ను రాయితీ రెండింటికీ ఒకటే. అప్పట్లో ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 88, 2005 నుంచి 80సి. ఆ 5,000 పాలసీకి కట్టడానికి బదులు జీపీఎఫ్ చందా పెంచమని ఒక కాగితం రాసిచ్చి ఉంటే 2015 నాటికి రెండు లక్షల 70 వేలు దాటేది. బీమా మాట అంటారా, రాష్ట్ర ఉద్యోగి కాబట్టి జీతంలో ఏపీజీఎల్ఐ (రాష్ట్ర ప్రభుత్వ జీవిత బీమా) కోత ఎలాగూ ఉంది. 75 వేల రూపాయలంటే 2015లో మా ఇంట్లో చిన్న మొత్తం కాదు.

ఈ లెక్క నాన్నగారికి చూపించాను. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని రెండుసార్లు చూశారు. తర్వాత అన్న మాట నన్ను చాలా రోజులు వదలలేదు. “జీపీఎఫ్‌లో ఉన్నదాన్ని మీ అక్క పెళ్లికి తీశాను, నీ చదువుకు తీశాను. అందులో ఇంకో ఐదువేలు ఉంటే అదీ తీసేవాణ్ణి. దీన్ని తీయడానికి చేతులు రాలేదు కాబట్టే మిగిలింది.” ఆ లక్షా 95 వేలతోనే పైన గది వేశారు. ఇప్పుడు ఆయన మధ్యాహ్నం కూర్చుని పేపరు చదువుకునేది ఆ గదిలోనే.

నా వాదనకు ఇది గట్టి దెబ్బ. డబ్బుకు తాళం పడటం కొందరికి నష్టం, కొందరికి రక్ష. పిన్నికి నష్టమైనదే నాన్నగారికి రక్ష అయింది. అయితే ఆ తాళం కోసం ఆయన ఆరు శాతంతో సరిపెట్టుకోనక్కరలేదు. అప్పటికే పీపీఎఫ్ ఉంది, అది 1968 నాటి పథకం. దానికీ పదిహేనేళ్ల తాళం ఉంది, వడ్డీ 12 శాతం. ఏజెంటుకు పాలసీ మీద వచ్చేంత కమీషన్ దాని మీద రాదు. అందువల్ల దాని సంగతి చెప్పడానికి మా ఇంటికి ఎవరూ రాలేదు.

ఇప్పటి లెక్క ఎవరికి ఎలా

మా ఆఫీసులో జీతాల లెక్కలు చూసేది నేనే. జనవరి వచ్చిందంటే పొదుపు కాగితాల నకళ్లతో నా బల్ల నిండిపోయేది. ఈ రెండు మూడేళ్లలో ఆ దొంతర పల్చబడిపోయింది. కొత్త పన్ను విధానంలో 80సి, అంటే పొదుపు మీద ఇచ్చే మినహాయింపు, లేదు. 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం వరకు, జీతగాళ్లకైతే 12 లక్షల 75 వేల వరకు పన్నే పడదు. మా ఆఫీసులో ముప్పాతిక మంది జీతాలు అంతకన్నా తక్కువ.

దీని అర్థం చాలామంది ఇంకా పూర్తిగా గ్రహించలేదు. పన్ను పడని మనిషికి ‘పన్ను రహితం’ అన్న ముద్రకు విలువ సున్నా. అతనికి పీపీఎఫ్ ఇచ్చే 7.1 శాతం కన్నా జాతీయ పొదుపు పత్రం ఇచ్చే 7.7 శాతం ఎక్కువ. అరవై దాటినవారికి సీనియర్ సిటిజన్ల పథకంలో వచ్చే 8.2 శాతం ఇంకా ఎక్కువ. ఈ చివరి రెండింటి వడ్డీకీ చట్టం ప్రకారం పన్ను ఉంది. ఉన్నా అతని చేతిలో నుంచి పోయేది ఏమీ లేదు.

అదే 24 లక్షలు దాటి 30 శాతం శ్లాబులో ఉన్నవారికి లెక్క తలకిందులవుతుంది. సెస్సుతో కలిపి 31.2 శాతం పన్ను పోతే 8.2 శాతంలో చేతికి మిగిలేది 5.6. వాళ్లకు పీపీఎఫ్ 7.1 అంటే పన్ను పడే డిపాజిట్ 10.3 శాతం ఇచ్చినట్లు. అంత ఇచ్చే ప్రభుత్వ పథకం ఏదీ లేదు. కొత్త విధానంలో పీపీఎఫ్‌లో వేసే డబ్బుకు మినహాయింపు పోయింది కానీ, దాని వడ్డీ మీద పన్ను లేకపోవడం అలాగే ఉంది. ఒకే పథకం ఒకరికి బంగారం, ఒకరికి మామూలు డిపాజిట్ కన్నా తక్కువ. ‘ఏది మంచిది’ అని అడిగేవారికి ‘నీకు ఎంత పన్ను పడుతోంది’ అని ఎదురు ప్రశ్న వేయకుండా ఎవరు జవాబు చెప్పినా నమ్మలేను.

డల్లాస్‌లో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి కూడా ఇలాగే పొరపడ్డాడు. విదేశాల్లో ఉండేవారు ఇక్కడి బ్యాంకుల్లో వేసుకునే ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీకి పన్ను లేదని ఇక్కడ చెబితే డబ్బు పంపాడు. ఇక్కడ లేదన్నది నిజమే. అమెరికాలో స్థిరపడి అక్కడ పన్ను కట్టేవారు ప్రపంచంలో ఎక్కడ వడ్డీ వచ్చినా అక్కడ చూపించాలి. ఆ సంగతి తెలిసే సరికి రెండేళ్లు గడిచాయి.

ఆడపిల్ల ఉన్నవారి విషయంలో మాత్రం నాకు సందేహం లేదు. సుకన్య సమృద్ధి ఇప్పుడు 8.2 శాతం ఇస్తోంది, పన్ను లేదు. పన్ను పడేవారికైనా పడనివారికైనా పిల్ల పేరు మీద ఇంత రాబడి ఇచ్చే మరో ప్రభుత్వ పథకం నాకు కనిపించలేదు. పదిహేనేళ్లు కట్టాలి, ఖాతా తెరిచిన ఇరవై ఒక్క ఏళ్లకు గడువు తీరుతుంది. పదో తరగతి పాసయ్యాక గానీ, పద్దెనిమిదేళ్లు నిండాక గానీ చదువు కోసం సగం దాకా తీసుకోవచ్చు. అవసరం వచ్చే కాలమూ తాళం తీసే కాలమూ ఇక్కడ కలిశాయి. మా ఆఫీసులో చిన్న ఆడపిల్లలున్న ముగ్గురినీ నేనే వెంటబడి పోస్టాఫీసుకు పంపాను. ఏడాదికి 250 రూపాయలు వేసినా ఖాతా నిలబడుతుంది.

షేర్ల ఫండ్ల గురించి ఎక్కువ రాయను, అది వేరే గుండెధైర్యం ఉన్నవారి మార్గం. ఏడాది దాటాక అమ్మితే ఒక ఆర్థిక సంవత్సరంలో లక్షా 25 వేల లాభం వరకు పన్ను లేదు. సామాన్యుల పొదుపులో చాలా భాగం ఆ గీత దాటదు. అంటే అది కూడా ఒక రకంగా పన్ను లేని మార్గమే, ఎవరూ ఆ పేరుతో పిలవరు. కానీ 2020లో జనవరిలో 42 వేల దగ్గర ఉన్న సెన్సెక్స్ మార్చి 23 నాటికి 26 వేలకు పడింది. ఆ రోజు పిన్ని డబ్బు అందులో ఉండి ఉంటే ఆమెకు అన్నం సహించేది కాదు.

నా మాటే నాకు అప్పజెప్పిన కుర్రాడు

జనవరిలో మా ఆఫీసులో ఇరవై ఆరేళ్ల అబ్బాయి నా దగ్గరకు వచ్చాడు. ఏడు లక్షల జీతం. “మేడమ్, పన్నే లేనప్పుడు నేను పీపీఎఫ్ ఎందుకు వేయాలి?” అన్నాడు. నేను పిన్ని గురించి అందరికీ చెప్పే మాటే అది. వెంటనే జవాబు రాలేదు. నెలాఖరుకు అతని ఖాతాలో ఏమైనా మిగులుతోందా అని అడిగాను. లేదన్నాడు. పాత విధానంలో ఉండి ఉంటే మార్చి భయంతోనైనా ఏదో ఒకటి దాచేవాడు. పన్ను రాయితీని ఇంత తిట్టిపోసే నేను, అది ఒక తరానికి దాచుకోవడం నేర్పిందన్న సంగతి మర్చిపోకూడదు. ఆ రాయితీ పోయినందుకు నాకు సంతోషమా, దిగులా అంటే, అతన్ని చూశాక దిగులే ఎక్కువ.

రెండు రోజులు ఆలోచించి అతనికి చెప్పింది ఇది. పీపీఎఫ్‌లో వడ్డీ రేటు కన్నా విలువైనది ఖాతా వయసు. పదిహేనేళ్ల గడియారం ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం చివరి నుంచి తిరుగుతుంది. ఇప్పుడు ఏడాదికి 500 వేసి దాన్ని బతికించి ఉంచితే చాలు. జీతం పెరిగి పెద్ద శ్లాబులోకి వెళ్ళే నాటికి ఖాతా సగం గడువు దాటి ఉంటుంది. ఏడో ఆర్థిక సంవత్సరం నుంచి కొంత తీసుకోవచ్చు. గడువు తీరాక ఐదేళ్ల చొప్పున పొడిగించుకుంటూ పోవచ్చు. అప్పుల కేసులో కోర్టు కూడా ఆ డబ్బును జప్తు చేయలేదు. వ్యాపారం పెట్టాలన్న కోరిక ఉన్న అబ్బాయికి ఇది చిన్న విషయం కాదు. ఇక నెలనెలా వేసేటట్లయితే ఐదో తేదీలోపు వేయమన్నాను. ఐదో తేదీకీ నెలాఖరుకూ మధ్య ఖాతాలో ఉన్న అతి తక్కువ మొత్తం మీదే ఆ నెల వడ్డీ కడతారు.

ఇదంతా చెప్పాక నాకే ఒక శంక మిగిలింది, అతనితో అదీ అన్నాను. ఆ 7.1 శాతం ఎవరూ రాసిచ్చిన హామీ కాదు. మూడు నెలలకోసారి ప్రభుత్వం సమీక్షిస్తుంది. 2021 మార్చి 31 సాయంత్రం దాన్ని 6.4కు తగ్గిస్తున్నట్లు ప్రకటించి, పొరపాటు జరిగిందంటూ మర్నాడు ఉదయమే వెనక్కి తీసుకున్నారు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు, నేను దాచుకున్న దానిలో సగానికి పైగా అందులోనే ఉంది. పన్ను వేయకుండానే రాబడిని కోయవచ్చునని నాకు బాగా అర్థమైంది ఆ రోజే. 12 నుంచి 7.1కు దిగింది కూడా అలాగే, ఒక్క రూపాయి పన్ను వేయకుండా. అందుకే ఉన్నదంతా అందులో పెట్టమని అతనికి చెప్పలేదు. ముందు ఆరు నెలల ఖర్చు ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే మామూలు డిపాజిట్‌లో ఉంచమన్నాను. సింగ్‌నగర్‌లో దండెం మీద ఆరిన రశీదుల సంగతి కూడా చెప్పాను.

పిన్ని ప్రశ్న

పిన్ని డిపాజిట్లలో మొదటిది 2027 మార్చి చివరి వారంలో, రెండోది ఏప్రిల్ మొదటి వారంలో గడువు తీరతాయి. గాజులు విడిపించడం పోయిన దసరాకు పూర్తయింది. ఆ బొమ్మ చూశాక ఆదివారం ఆమె ఇంటికి వెళ్ళి కూర్చుని చెప్పాను. ఆ రెండూ చేతికి రాగానే పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పథకంలో వేద్దామని, ఇప్పటి రేటే ఉంటే మూడు లక్షలకు మూడు నెలలకోసారి 6,150 రూపాయలు చేతికి వస్తాయని.

పన్ను సంగతి అడుగుతుందని ఎదురు చూశాను. ఉంది గానీ నీకు పడదు అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. ఆమె గోడ వైపు చూసింది. నీళ్లు నిలిచిన గీత సున్నం వేసినా ఇంకా లీలగా కనిపిస్తోంది.

“మధ్యలో కావాలంటే ఇస్తారా?” అంది.

ఇస్తారన్నాను. ఏడాదిలోపు అయితే అప్పటిదాకా ఇచ్చిన వడ్డీ వెనక్కి పట్టుకుంటారు, రెండేళ్లలోపు అయితే ఒకటిన్నర శాతం కోత, ఆ తర్వాత ఒక శాతం. మూడు లక్షలకు 4,500, లేదా 3,000. పిన్ని పాత క్యాలెండరు కాగితం ఒకటి చింపి తెచ్చింది. వెనక వైపు ఆ రెండు అంకెలూ తన చేత్తోనే రాసుకుని, కింద గీత గీసి, బీరువాలో ఈసారి పై అరలో పెట్టింది.